దేవదాసుకి పర్మిట్ ఉందా?

పాఠక మిత్రులకు ఒక చిన్న ప్రశ్న. మన 'దేవదాసు' చిత్రం తయారవుతున్న రోజుల్లో మద్రాసు నగరంలో మద్యం దుకాణాలు ఎన్ని ఉండేవి?

చెప్తే నవ్వుతారు... మామూలు జనానికి ఒక్కటీ లేదు! 1953లో ఆ చిత్రం విడుదలయ్యేనాటికి ఉమ్మడి మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధం. తెర మీద అక్కినేని తాగి తాగి చచ్చిపోతుంటే కళ్ళు తుడుచుకున్న బెజవాడ ప్రేక్షకుడు, ఆ బాధలో తనూ ఓ చుక్క వేసుకుందామంటే చట్టం ఒప్పుకోదు. అదే బొమ్మను హైదరాబాదులో చూసినవాడికి ఆ చిక్కు లేదు. అక్కడ ఆబ్కారీ రాబడి సర్కారుకు పెద్ద ఆధారం. ఒకే సినిమా, ఒకే ఏడుపు, రెండు చట్టాలు!

సినిమా కబుర్లు రాసుకుంటూ యూనిట్ల వెంట ఊళ్ళు తిరిగే ఉద్యోగం నాది. ఉద్యోగం అంటే జీతం ఉంటుందనుకునేరు! పేజీకింత అని ఇస్తారంతే. ఆ తిరుగుడులో ఒకసారి కోడంబాకంలో ఓ పాత ప్రొడక్షన్ మేనేజరు గారిని కలిశాను. ఎనభై దాటిన మనిషి. "ఆ రోజుల్లో మీవాళ్ళు ఎలా గడిపేవారండీ?" అని అడిగాను. ఆయన బోసినోటితో నవ్వి, "పెద్దవాళ్ళకి డాక్టరు గారుండేవారు బాబూ!" అన్నారు.

సంగతేమిటంటే, ఆరోగ్యరీత్యా మద్యం అవసరమని వైద్యుడు రాసిస్తే పర్మిట్ ఇచ్చేవారు. డాక్టరు సర్టిఫికెట్టు సంపాదించగలిగినవాడికి సీసా మందయింది. లైట్లు మోసేవాడికి అదే సీసా నేరమయింది. ఈ ముక్క నా మనసులో ముల్లులా ఉండిపోయింది. ఎందుకో చివర్లో చెప్తాను.

మన తెలుగువాళ్ళకీ నిషేధానికీ ఉన్న బంధం ఈనాటిది కాదు. రాజాజీ గారు 1937లో సేలం జిల్లాలో మొదలుపెట్టి, మరుసటి ఏడాదే మన చిత్తూరు, కడప జిల్లాలకు తెచ్చారు. 1954 నవంబరులో నిషేధం మీద వచ్చిన అవిశ్వాస తీర్మానంలో ఒకే ఒక్క ఓటు తేడాతో టంగుటూరి ప్రకాశం గారి మంత్రివర్గం పడిపోయింది. 1956లో ఆంధ్ర, తెలంగాణలు ఒక రాష్ట్రమయ్యాయి. చట్టం మాత్రం ఒకటి కాలేదు. కొన్నేళ్ళపాటు అటు నిషేధం, ఇటు దుకాణం!

ఆ తర్వాతి రీలు మీ అమ్మానాన్నలను అడిగితే చెప్తారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మీద తిరగబడ్డారు. అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్న అమ్మలే ఆ పని చేశారు. 1993 అక్టోబరులో సారా పోయింది. 1995 జనవరిలో మన ఎన్‌.టి.రామారావు గారు ముఖ్యమంత్రిగా సంపూర్ణ నిషేధం తెచ్చారు. 1997లో దాన్ని ఎత్తేశారు.

ఆ రోజుల్లో యానాం పేరు వినని తాగుబోతు లేడంటారు. 1954 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్న ఊరు అది. చుట్టూ ఆంధ్ర, పాలన పుదుచ్చేరిది. కోనసీమలో ఔట్‌డోర్ షూటింగుకి వెళ్ళినప్పుడు ఎదుర్లంక వంతెన మీద నించుని చూశాను. కింద గోదావరి ఒక్కటే. వంతెనకు ఆ చివర ఒక పన్ను, ఈ చివర ఒక పన్ను. అటు సరుకైనది ఇటు సాక్ష్యమైపోతుంది!

ఎందుకిలా? మన రాజ్యాంగం మద్యాన్ని రాష్ట్రాల చేతిలో పెట్టింది. నిషేధం కోసం ప్రయత్నించమని 47వ అధికరణంలో చెప్పిందీ అదే రాజ్యాంగం. 2017లో జి.ఎస్‌.టి. వచ్చినా తాగే మద్యం దాని బయటే ఉంది. అంటే పన్ను ఎంత వెయ్యాలో, షట్టరు ఎప్పుడు దించాలో ఎవరికి వారే రాజు. చెన్నైలో మధ్యాహ్నం 12 అయితే గానీ దుకాణం తెరవరు. ఆంధ్రలో 2019 అక్టోబరులో సర్కారే దుకాణాలు పెట్టి పొద్దున 11 నుంచి రాత్రి 8 దాకా అంది. 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటువాళ్ళకిచ్చి 10 నుంచి 10 దాకా అంది. వయసు సంగతీ అంతే. గోవాలో 18, మనకి 21, కేరళలో 23.

ఇక్కడ మా యూనిట్ కుర్రాడి కథ చెప్పాలి. కెమెరా విభాగంలో అసిస్టెంటు. నన్ను 'అన్నా' అంటాడు. 2021 సంక్రాంతికి హైదరాబాదు నుంచి కృష్ణా జిల్లాలోని వాళ్ళ ఊరికి మోటారుసైకిల్ మీద బయల్దేరాడు. కొత్త బావగారి కోసం బ్యాగులో రెండు సీసాలు, జేబులో బిల్లు. పొరుగు రాష్ట్రం నుంచి మూడు సీసాల దాకా తెచ్చుకోవచ్చని 2020 సెప్టెంబరులో హైకోర్టు చెప్పిన మాట వాడు పేపర్లో చదివాడు. అక్టోబరులో ప్రభుత్వం ఆ నిబంధనే మార్చి, పర్మిట్ లేకుండా కుదరదన్న సంగతి వాడి కంటపడలేదు.

"బిల్లుంది సార్" అన్నాడట చెక్‌పోస్టులో.

"బిల్లు అక్కడిది. కేసు ఇక్కడిది" అన్నారట.

బండి పోయింది. పండగ పోయింది. బండి కోసం, కేసు కోసం తిరిగేలోగా కొత్త షెడ్యూలు మొదలైపోయింది. వాడి చోట్లో ఇంకొకడు చేరాడు. ఆరు నెలలు ఖాళీ. ఫోన్ చేసినప్పుడల్లా, "రెండు సీసాలన్నా... తాగింది కూడా లేదు" అనేవాడు. ఆ పండగ మూడు రోజులూ అదే రాష్ట్రంలోని పెద్ద హోటళ్ళలో బార్లు చక్కగా నడిచాయి. గది అద్దె కట్టగలిగినవాణ్ణి ఏ చెక్‌పోస్టూ ఆపలేదు.

అందుకే ఆ ప్రొడక్షన్ మేనేజరు గారి నవ్వు నాకు పదేపదే గుర్తొస్తుంది. 1960లో పుట్టిన రోజునుంచీ నిషేధంలో ఉన్న గుజరాత్‌లో కూడా ఆరోగ్యం పేరిట పర్మిట్లున్నాయి. 2023 డిసెంబరులో గిఫ్ట్ సిటీ అనే వ్యాపార నగరంలో అక్కడి ఉద్యోగులకు, వాళ్ళ అతిథులకు మినహాయింపు ఇచ్చారు. ఎక్కడ చూసినా ఇదే స్క్రీన్‌ప్లే. ప్రతి నిబంధనకూ ఒక పక్క తలుపు ఉంటుంది. ఆ తలుపు తాళం జేబు బరువును బట్టి తెరుచుకుంటుంది!

అలాగని నిబంధనలే వద్దనను. దూబగుంట అమ్మల గోడు విన్నవాడెవడూ అలా అనలేడు. సాయంత్రం కూలి డబ్బు సారా కొట్టుకి పోకుండా ఇంటికి రావాలన్నదే వాళ్ళ పోరాటం. ఆ న్యాయం పేదవాడి గుమ్మం ముందు ఒకలా, పెద్ద హోటలు గుమ్మం ముందు ఒకలా ఉండకూడదనే నా బాధ.

కుర్రాడు ఇప్పుడు మళ్ళీ పనిలో పడ్డాడు లెండి. సెలవుల్లో కుర్రకారు యానామో, గోవానో బండెక్కే ముందు వాడి సంగతి ఓసారి తలుచుకోండి. ఏ ఊరు దాటితే ఏ రూలు మారుతుందో కనుక్కుని మరీ కదలండి. పేపర్లో నిరుడు చదివింది ఈ ఏడాది పనికిరాకపోవచ్చు!