ఇందులో నువ్వెక్కడున్నావు?



పోయిన సంచికలో మెస్ తలుపు పక్కన అంటించిన నా కథ “రాజుగారి కుడిభుజం” మీలో చాలామంది చదివారు. బాగుందని కొందరు వీపు తట్టారు కూడా. కానీ మూడో రోజు చూస్తే కాగితం కింది అంచున ఎవరో పెన్సిలుతో రాశారు. “అన్నా, ఇందులో నువ్వెక్కడున్నావు?” అని.

నాకు ఒళ్ళు మండింది. కథ నిండా నేనే ఉన్నాను కదా, వీడికి కళ్ళు లేవా అనుకున్నాను.

చదవనివాళ్ళ కోసం కథ క్లుప్తంగా చెబుతాను. విక్రమ్ అని ఒక కుర్రాడు. వయసు పదిహేను. తెల్లగా, పొడుగ్గా ఉంటాడు. విశాఖపట్నంలో పెద్ద మేడ. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు గారు చింతపల్లి పోలీస్ స్టేషను మీద దాడి చేసినప్పుడు ఇతను గుర్రం మీద వచ్చి దూకుతాడు. పదిమందిని ఒక్కడే పడగొడతాడు. తెల్లదొరతో గడగడా ఇంగ్లీషు మాట్లాడి నోరు మూయిస్తాడు. చివరికి 1924 మే 7న కొయ్యూరు దగ్గర తూటాకి అడ్డంపడి రాజుగారిని బతికించేస్తాడు. విక్రమ్ అంటే నేనేనని అందరికీ తెలుసు. నేనూ దాచలేదు.

నాకు ఈ ఊహ వచ్చింది 2022లో వచ్చిన ఆర్ఆర్ఆర్ సినిమా చూశాక. రాజుగారూ కొమురం భీమూ కలిసినట్టు చరిత్రలో ఎక్కడా లేదు. రాజుగారు 1924లో పోయారు, భీమ్ 1940లో జోడేఘాట్‌లో పోయారు. రాజమౌళి గారు వాళ్ళిద్దరినీ ప్రాణస్నేహితుల్ని చేశారు. అంత పెద్దవారే అల్లితే లేనిది మనం అల్లితే తప్పేంటి?

కంప్యూటర్ సార్ నా కథ చదివి తెగ నవ్వారు. ఇలా మనకి నచ్చిన కథలోకి మనమే వెళ్ళిపోయి రాసుకోవడం లోకమంతా ఉందట. దాన్ని ఫ్యాన్ ఫిక్షన్ అంటారట. అమెరికాలో స్టార్ ట్రెక్ అనే టీవీ కథ మీద అభిమానులు బోలెడు కథలు రాసి, సొంతంగా పత్రికలు వేసుకునేవారట. వాటిని వెక్కిరిస్తూ 1973లో పౌలా స్మిత్ అనే ఆవిడ ఒక చిన్న కథ రాసింది. అందులో మేరీ స్యూ అనే అమ్మాయికి పదిహేనున్నర ఏళ్ళు. అన్నీ ఆమెకే వచ్చు, అందరికీ ఆమే ఇష్టం. చచ్చిపోతే ఓడంతా ఏడుస్తుంది. ఇప్పటికీ అలాంటి పాత్రని మేరీ స్యూ అనే పిలుస్తారని సార్ చెప్పారు. మా వాడికీ పదిహేనే! ఆ రోజు నేను అన్నం సరిగా తినలేదు.

తెలుగు మాస్టారు మాత్రం కొంచెం ఊరట ఇచ్చారు. వాల్మీకి, వ్యాసుడు కూడా తమ కథల్లో ఉన్నారు కదరా అన్నారు. “కానీ చూడు, వ్యాసుడు కౌరవ పాండవులకు తాత. అంత పెద్ద గ్రంథం తనదే అయ్యుండీ మనవల చావుని ఆపలేదు. వాల్మీకి సీతమ్మకి ఆశ్రమంలో చోటిచ్చాడు, అంతే” అన్నారు. సీతమ్మధారలో కూర్చుని ఈ మాట వినడం నాకు గమ్మత్తుగా అనిపించింది.

అసలు దెబ్బ కొట్టింది నా పక్క మంచం వాడు. రాత్రి లైటు తీసేశాక అడిగాడు.

“ఒరే, అన్నీ ఆ విక్రమ్ గాడే చేసేస్తే గంటందొర ఏటి చేసినట్టు? మల్లుదొర ఏటి చేసినట్టు?”

నేను మాట్లాడలేదు. గాం గంటందొర, గాం మల్లుదొర మన్యం వాళ్ళు, రాజుగారి పక్కన నిలబడి పోరాడినవాళ్ళు. గంటందొర 1924లో ప్రాణమే ఇచ్చేశారు. మల్లుదొర అండమాన్ జైలుకి పోయి, తిరిగొచ్చి, 1952లో ఇదే విశాఖపట్నం నుంచి పార్లమెంటుకి గెలిచారు. మనం రోజూ నడిచే ఊరికి ఎంపీ! నా కథలో ఆయన ఒక్క వాక్యంలో ఉన్నారు. విక్రమ్ గుర్రానికి నీళ్ళు పెడతారు.

ఎందుకలా రాశానో నాకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు గానీ ఇక్కడ రాస్తున్నాను. ఈ ఊరొచ్చిన కొత్తలో ఒక ఆదివారం రైతుబజారు దగ్గర నేనూ మావాడూ కువిలో మాట్లాడుకుంటున్నాం. వెనకాల ఇద్దరు పిల్లలు మా మాటని అనుకరించి పగలబడి నవ్వారు. అంతే. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. కానీ అప్పటినుంచి గేటు దాటితే నేను కువి మాట్లాడను. విక్రమ్‌కి కువి రాదు. విక్రమ్‌కి ఊరు లేదు, అమ్మమ్మ లేదు. పెన్సిలు పెట్టిన తమ్ముడు సరిగ్గానే అడిగాడు.

సంక్రాంతి సెలవులకి ఇంటికి వెళ్ళాను. నర్సీపట్నం దాటి బస్సు ఘాటీ ఎక్కుతుంటే లంబసింగి దగ్గర చలికి పళ్ళు టకటకలాడాయి. పొయ్యి దగ్గర కూర్చుని అమ్మమ్మకి నా కథ మొత్తం కువిలో చెప్పాను. ఆమె విని, “ఆ గుర్రం అబ్బాయికి ఆకలెయ్యదా?” అంది.

తర్వాత తనే చెప్పింది, వాళ్ళ పెద్దలు చెప్పగా విన్నది. మీరొచ్చిన ఆ రోడ్డు మనవాళ్ళు రాళ్ళు మోసి వేసిందే, సరైన కూలి ఇచ్చేవారు కాదు, అడివిలో పోడు కొట్టుకోనిచ్చేవారు కాదు అని. సాంఘికశాస్త్రం పుస్తకంలో చదివి పరీక్షలో రాసిన కారణాలే. ఆ బరువు మా ఇంటివాళ్ళ నెత్తి మీదిదని అప్పుడు తెలిసింది.

మళ్ళీ రాస్తున్నాను. ఈసారి కుర్రాడికి గుర్రం లేదు, చోడి అంబలి కుండ ఉంది. ఆగస్టు వానలో స్టేషను బయట చెట్టు కింద నిలబడి ఉంటాడు. లోపల ఏం జరుగుతోందో కనబడదు. భయం. లాగు తడిసింది, వానకో దేనికో నేను రాయలేదు. తర్వాత మల్లుదొర బయటికొచ్చి అంబలి అడుగుతారు. వాడు కువిలో జవాబు చెబుతాడు. స్టేషనులో ఏమేం పట్టుకెళ్ళారో రాజుగారు అక్కడి పుస్తకంలోనే రాసి పెట్టారని చెబుతారు కదా, అది ఎవరో వాడికి చదివి వినిపిస్తారు. వాడికి చదువు రాదు మరి.

పేరు నాదే పెట్టాను, ఇంటిపేరుతో సహా.

మొదటి రెండు కాగితాలు ఈ వ్యాసం పక్కనే అంటించాను, చదవండి. మూడోది ఇంకా రాయలేదు. కొయ్యూరు వచ్చేసరికి చెయ్యి ఆగిపోతోంది. వాణ్ణి అక్కడికి తీసుకెళ్ళాలా, ఊళ్ళో అమ్మ దగ్గరే ఉంచాలా తెలియడం లేదు. తీసుకెళ్తే వాడు చూడాలి. వార్డెన్ సార్ ఆదివారం దాకా గడువిచ్చారు. పెన్సిలు తమ్ముడూ, కింద ఈసారి రెండు వేళ్ళ ఖాళీ వదిలాను. నీకేం తోస్తే అది రాయి, కింద నీ పేరు కూడా పెట్టు.

తప్పులుంటే మన్నించగలరు.

ఇట్లు,
10వ తరగతి విద్యార్థి