నువ్వెవరు అని అడిగే యంత్రం

డ్రోను అనగానే మన కళాశాలలో చాలామందికి పెళ్ళి వీడియో గుర్తుకొస్తుంది. నాబోటి రైతుబిడ్డలకు మాత్రం పురుగుమందు గుర్తుకొస్తుంది. దాళ్వా చేలో డబ్బా వీపున కట్టుకుని, బురదలో దిగబడుతూ మందు కొట్టి వచ్చిన మా నాన్నగారు ఆ రాత్రి అన్నం సహించక అలాగే పడుకోవడం చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను. అందుకే కొత్తపేట దగ్గర మా ఊళ్ళోకి మందు కొట్టే డ్రోను వచ్చిననాడు అందరికన్నా ఎక్కువ సంతోషించినవాణ్ణి నేనే.

రెండో రోజునే అది మొరాయించింది. నడిపే కుర్రాణ్ణి అడిగితే, "లోపలి పెట్టె మేం విప్పకూడదండీ, కంపెనీకి పంపాలి" అన్నాడు. పెట్టె వెళ్ళి వచ్చేసరికి తొమ్మిది రోజులు. సుడిదోమ కంపెనీ కోసం ఆగదు కదా! నాన్నగారు మళ్ళీ డబ్బా వీపునెత్తుకున్నారు.

ఇంతకీ ఆ పెట్టెలో ఏముంది? అది తేల్చుకోవాలనే మేం నలుగురం తలా కొంత వేసుకుని ఒక ఫ్లైట్ కంట్రోలర్ బోర్డు తెప్పించాం. అరచేతిలో ఇమిడే ఆ పలకే డ్రోనుకు మెదడు. దానిలో నడపడానికి ఆర్డూపైలట్ అనే ప్రోగ్రాము ఎంచుకున్నాం. 2009లో క్రిస్ ఆండర్సన్, జోర్డి మునోజ్ మొదలుపెట్టిన ఈ పని తర్వాత ఆండ్రూ ట్రిడ్జెల్ వంటి ఎందరో చేతుల మీదుగా పెరిగింది. దాని మూలాన్ని ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు. షరతు ఒక్కటే: మార్చి మరొకరికి ఇచ్చేవాడు ఆ మూలాన్ని కూడా ఇవ్వాలి.

ప్రోగ్రాము ఒకటే గానీ బోర్డులు ఎన్నో రకాలు. మరి కొత్త బోర్డు మీద అది ఎలా నడుస్తుంది? మిత్రులారా, కొత్తగా చేరిన పాలేరును తలుచుకోండి. వ్యవసాయమంతా తెలిసినవాడే. అయినా మన చేలో ఏ తూము ఏ బోదెకు నీళ్ళిస్తుందో చెప్పందే పని సాగదు. ఇదీ అంతే. ఎగరడం దానికి వచ్చు. బోర్డు మీది చిప్పు ఏది, ఏ పిన్ను జైరోకు పోతుంది, ఏది మోటారుకు పోతుంది అన్నది ఒక చిన్న ఫైలులో వరసగా రాసి ఇవ్వాలి.

మా బోర్డు పేరుతో అలాంటి ఫైలు ముందే ఉంది. తీరా ఎక్కిస్తే జైరో దొరకలేదంది! వెతగ్గా వెతగ్గా సంగతి తేలింది. 2021 ప్రాంతంలో లోకమంతా చిప్పుల కరువు వచ్చినప్పుడు చాలా బోర్డుల్లో ఎంపీయూ 6000 అనే పాత జైరో పోయి, బీఎంఐ 270 వంటివి వచ్చాయి. ఇంటిపేరు అదే, లోపలి మనిషి వేరు. ప్రోగ్రాము మొదలవగానే జైరోను "నువ్వెవరు?" అని అడుగుతుంది. పాతదైతే 104 అని బదులిస్తుంది, కొత్తదైతే 36 అంటుంది. ఫైలులో ఆ కొత్త పేరు చేర్చి, ప్రోగ్రామును మళ్ళీ తయారుచేసి ఎక్కించాం. ఈసారి పలికింది.

అయితే బోర్డును ముందుకు వంచితే తెరమీది బొమ్మ పక్కకు వాలింది. కొత్త చిప్పును అడ్డంగా అతికించారన్నమాట. 90 డిగ్రీలు తిప్పి చదువుకోమని ఫైలులో ఇంకొక మాట రాయాలి. అది రాయకుండా ఎగరేస్తే, సెకనుకు 400 సార్లు తన్ను తాను దిద్దుకునే యంత్రం 400 సార్లూ తప్పుగానే దిద్దుకుంటుంది. అందుకే పంకాలు విప్పేసి, పరీక్షలన్నీ బల్లమీదే ముగించాం. ఆ తర్వాత మా బుల్లి డ్రోను మైదానంలో నడుమెత్తున రెండు నిమిషాలు కదలకుండా నిలిచింది.

దీంతో మందు కొట్టే డ్రోను చేసేశామని గొప్పలు చెప్పను. అంత బరువు ఎత్తే యంత్రానికి సర్కారు అనుమతులు వేరు, బాధ్యత వేరు. కానీ ఆ పెట్టె గర్భగుడి కాదని మాత్రం తెలిసింది. ధవళేశ్వరం నీళ్ళు డెల్టా అంతటివీ. తన చేలోకి బోదె తవ్వుకోవలసింది మాత్రం ఎవరికి వారే. ఈ సంగతి ఇంట్లో చెబితే నాన్నగారు, "విప్పడం వచ్చినవాడు ఊరికొక్కడుంటే చాల్రా" అన్నారు.

ఆ ఒక్కడు తయారయ్యేది ఎక్కడ? ఆకుపచ్చ మండలంలోని తమ ఆవరణలో విద్యాసంస్థలు పరిశోధనకోసం ఎగరేసుకోవడానికి 2021 డ్రోన్ నియమాలు వెసులుబాటు ఇచ్చాయి. కనుక అధ్యాపకులకు నా మనవి ఒక్కటే: ఎలక్ట్రానిక్స్ లేబొరేటరీలో ఒక బల్ల, సాయంత్రం రెండు గంటలు తాళంచెవి ఇప్పించండి. మా వెనక వచ్చే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఆ ఫైలు ఎలా రాయాలో మేమే చూపిస్తాం.

— తృతీయ సంవత్సరం బి.ఎస్సి. విద్యార్థి