మూడు జంటల లెక్క

మనుషుల్ని రకాలుగా విడదీయడం మనకేమీ కొత్త కాదు. సత్త్వరజస్తమో గుణాలన్నారు, వాతపిత్తకఫాలన్నారు. పెళ్ళిచూపులకు వెళ్ళిన పెద్దలైతే గుమ్మం దిగకముందే పిల్లను ఒక గూట్లో పెట్టేస్తారు. హైదరాబాదులో మనస్తత్వశాస్త్రం చదువుతున్న మా ఆడపడుచు కూతురు ఈసారి జహీరాబాదుకు మరో లెక్క పట్టుకొచ్చింది. దాని పేరు సోషియోనిక్స్.

లిథుయేనియా దేశస్థురాలు ఔష్రా అగుస్తినావిచ్యూటె 1970లలో దీన్ని కట్టిందట. మూలం 1921లో వచ్చిన యూంగ్ గ్రంథం. అంతర్ముఖుడా, బహిర్ముఖుడా? ఆలోచించి తేలుస్తాడా, మనసుతో తేలుస్తాడా? ఇలాంటి జంటలు నాలుగు. వెరసి 16 తరహాలు. మరి ఒకే తరహావాళ్ళు ఒక్కలా ఉండరేం? అందుకు ఉక్రెయిన్‌కు చెందిన విక్టర్ గులెంకో ఇంకో మూడు జంటలు చేర్చాడు. మనుషులతో చనువుగా మెలుగుతాడా, ఎడం పాటిస్తాడా? పని మొదలుపెట్టేవాడా, ముగించేవాడా? చుట్టూ జరిగే చిన్న మార్పులకు కదులుతాడా, పట్టించుకోడా? రెండు తెలిస్తే మూడోది లెక్కలో దానంతటదే పడుతుంది. అందుకే ఉపజాతులు 8 కాక 4. ఇదంతా శాస్త్రమని అందరూ ఒప్పుకోలేదని ఆ పిల్లే చెప్పింది, పాపం.

మా ఇంట్లో అప్పుడు అత్తగారు ఎక్కడ ఉండాలన్న మాట నలుగుతోంది. మామగారు పోయిన ఏడాది అది. పూనా నుంచి మరిది రోజూ ఫోను చేసి, "అమ్మా, వచ్చెయ్" అంటాడు. పూనా బస్సు మా ఊరి మీదుగానే పోతుంది, ఎక్కడమే తరువాయి. మావారు ఉండమనీ అనరు, వెళ్ళమనీ అనరు. "పెద్దాడికి నేను పట్టను" అని అత్తగారు కళ్ళొత్తుకుంటే, నా ప్రాణం ఉసూరుమనేది.

పిల్ల కాగితం తీసి మేనమామలిద్దరినీ లెక్క కట్టింది. తరహా ఒకటేనట. చిన్నవాడు చనువు, మొదలుపెట్టడం. పెద్దవాడు ఎడం, ముగించడం. మూడో గడిలో మాత్రం ఇద్దరికీ ఒకటే వచ్చింది: పట్టించుకోరు!

అత్తగారు కాగితం వంక చూసి, "మరి నాకు రాత్రిళ్ళు కళ్ళానటం లేదని స్నానాలగది దారిలో దీపం ఎవడు పెట్టాడే? నేను ఎవరితోనూ అననైనా లేదు" అన్నారు.

పిల్ల పెన్సిలు కొరికింది. "పెద్ద మావయ్యే, అమ్మమ్మా. లెక్క ప్రకారం పెట్టకూడదు మరి!"

నాకైతే ఆ దీపం దగ్గరే లెక్క కుంటుపడిందనిపించింది.

పూనా మాట సంక్రాంతి దాటాక చూద్దామని ఆ సాయంత్రం ఆవిడే మరిదికి ఫోను చేశారు. మావారు విన్నారో లేదో, చెరుకు తూకం చీటీలు సరిచూసుకుంటూ కూర్చున్నారు.