వజ్రాలు దొరికాయి... మనుషులే రాలేదు

నలుగురు అడవిలోకి వెళతారు. చివరికి ఒక్కడు మిగులుతాడు... ఓ పటంతో! 1960లో వచ్చిన రష్యన్ సినిమా 'పంపని ఉత్తరం' కథ ఇంతే. దర్శకుడు మిఖాయిల్ కలతోజోవ్ పేరు విన్నవాళ్లలోనూ దీన్ని చూసినవాళ్లు తక్కువే.

సైబీరియాలో వజ్రాల వేట. బృందంలో తాన్యా, ఆండ్రీ కుర్ర భూగర్భ శాస్త్రజ్ఞులు, ప్రేమికులు. పుస్తకాల్లో చదివింది కాళ్లకింది మట్టిలో కనిపిస్తుందా అన్నదే వాళ్ల ఆరాటం. కనిపిస్తుంది. పటం గీస్తారు, సంబరం చేసుకుంటారు. తెల్లారేసరికి అడవి అంటుకుంటుంది! మంటలు, వాన, ఆపైన మంచు. గాయపడిన ఆండ్రీ తోటివాళ్లకు భారం కాకూడదని చెప్పకుండా వెళ్లిపోతాడు. మొదట్లో ప్రేమ కబుర్లు చెప్పిన తాన్యాయేనా మంచులో అంత మొండిగా నడుస్తున్నది అనిపిస్తుంది.

అసలు కథలోనూ ఓ మహిళ ఉంది. లెనిన్‌గ్రాడ్ శాస్త్రవేత్త లరీసా పొపుగాయెవా. వాగుల్లో దొరికే పైరోప్ రాళ్లే ఆమెకు ఆనవాళ్లు. దానిమ్మ గింజల్లా ఎర్రగా ఉంటాయవి. వాటి వెంట ఎగువకు వెళ్లి, 1954 ఆగస్టులో యకూతియాలో తొలి కింబర్లైట్ గొట్టాన్ని కనిపెట్టింది. భూమి లోతుల నుంచి వజ్రాలను పైకి మోసుకొచ్చే రాయి అది. (మన వజ్రకరూరు దగ్గరా ఉన్నదదే. తొలకరికి చేలల్లో తలలు వంచుకుని తిరిగే జనాన్ని చూసిన మనకు ఈ వేట కొత్తేం కాదు.) కానీ 1957లో ఈ అన్వేషణకిచ్చిన లెనిన్ బహుమతి జాబితాలో ఆమె పేరే లేదు. కనుగొన్నది ఆమేనన్న గుర్తింపు 1970లో గానీ రాలేదు. సినిమా కంటే ఇదే ఎక్కువ బాధిస్తుంది.

సినిమా చివర్లో, మంచునదిలో కొట్టుకుపోతున్న నాయకుడి కళ్లకు ఓ మహానగరం కనిపిస్తుంది. నిజానికి అప్పటికే అక్కడ ఊరు వెలిసింది. 1955లో 'మీర్' అనే మరో గొట్టం బయటపడింది. దాని పక్కన వేసిన గుడారాలే మీర్నీ పట్టణమయ్యాయి. మాస్కో నుంచి నాలుగు వేల కిలోమీటర్ల పైమాటే. నేల లోపల ఎప్పటికీ కరగని మంచు కాబట్టి ఇళ్లను స్తంభాల మీద కట్టారు.

ఊరి అంచునే గని. 1,200 మీటర్ల వెడల్పు, 525 మీటర్ల లోతు! 2001లో పైనుంచి తవ్వడం ఆపి, 2009లో భూగర్భ గని తెరిచారు. 2017 ఆగస్టులో అందులోకి నీళ్లు ముంచెత్తాయి. 8 మంది కార్మికుల ఆచూకీ దొరకలేదు. గనిని మూసేశారు.