ఓడిపోయిన రోబో తిమింగలం

అట్లాంటాకు ఉత్తరాన ఉన్న కమ్మింగ్‌లో మనవాళ్ళు ఎక్కువ. అక్కడి ఒక మిడిల్ స్కూల్లో శనివారం పొద్దున ‘ఫ్యూచర్ ప్రాబ్లమ్ సాల్వింగ్’ పోటీకి సాధన ఉందని మా మేనకోడలు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. వాళ్ళమ్మాయి అక్కడి జట్టులో ఉంది. కూర్చోవచ్చు గానీ నోరు విప్పకూడదని కోచ్ ముందే చెప్పారు. అసలు పోటీలోనైతే కోచ్‌నే గదిలోకి రానివ్వరట.

సృజనాత్మకతను కొలిచే పరీక్షలతో పేరుపడ్డ పాల్ టోరెన్స్ అనే ఆచార్యుడు, భార్య పాన్సీతో కలిసి 1974లో ఈ కార్యక్రమం మొదలుపెట్టారు. అదీ ఇదే జార్జియా రాష్ట్రంలో, ఏథెన్స్‌లో. ఇప్పుడు చాలా దేశాల పిల్లలు పోటీ పడుతున్నారు.

జట్టుకు నలుగురు, గడువు రెండు గంటలు. ముందు భవిష్యత్తులోని ఒక పరిస్థితి రాసిన కాగితం ఇస్తారు. ఆరోజుది కోచ్ సొంతంగా రాసింది: 2060లో సముద్రం మీద తేలే ఊరు, జనం పెరిగిపోయారు, మంచినీళ్ళు చాలడం లేదు. పిల్లలు అందులోంచి పదహారు సవాళ్ళు తీసి, ఒక్కదాన్ని మూల సమస్యగా ఎంచుకోవాలి. అది తేలేదాకా పరిష్కారం ఊసెత్తకూడదు. నాకు బాగా నచ్చింది ఈ నియమమే. మన దగ్గర సమస్య సగం వినేసరికే సలహా సిద్ధంగా ఉంటుంది.

తర్వాత పదహారు పరిష్కారాలు. కళ్ళజోడు పిల్లాడొకడు, మంచుకొండల్ని లాక్కొచ్చే రోబో తిమింగలాలు కావాలని పట్టుబట్టాడు, బొమ్మ కూడా గీసేశాడు. మిగతా ముగ్గురూ కాదనలేదు. ఐదు కొలమానాలు రాసుకున్నారు: ఏది త్వరగా అమలవుతుంది, ఏది పేదలకు అందుతుంది, ఏది సముద్ర జీవులకు తక్కువ హాని చేస్తుంది, ఇలా. మేలనిపించిన ఎనిమిది పరిష్కారాలను గళ్ళలో పేర్చి, ఒక్కో కొలమానానికి ఎనిమిది నుంచి ఒకటి దాకా అంకెలు వేశారు. కూడితే తిమింగలానికి పదిహేడు, ఇళ్ళ కప్పుల మీద వాననీరు పట్టే పథకానికి ముప్ఫై మూడు. పిల్లాడు మళ్ళీ కూడాడు. పదిహేడే. బొమ్మ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, గెలిచిన పథకానికి ఎవరు ఏం చేయాలో వాడే రాయడం మొదలెట్టాడు.

రాత పని మరీ ఎక్కువనిపించింది. చకచకా రాయగలిగిన పిల్ల మీదే సగం భారం పడింది. కానీ నలుగురి పని నలుగురూ చేశారు. ఇంటి దగ్గర నాన్న అతికించిచ్చిన ప్రాజెక్టు చార్టు కాదిది.

పెద్ద పోటీల్లో గెలిచిన పథకాన్ని నాటికలా ఆడి చూపించడం కూడా ఉంటుంది. కారెక్కగానే మా మనవరాలిని అడిగాను, మీ వాడు అలిగాడా అని.

“లేదు తాతయ్యా, నాటికలో మేయర్ వేషం అడుగుతున్నాడు. మేము దానికీ గళ్ళు గీస్తామన్నాం.”