సహపంక్తి

భిన్నత్వంలో ఏకత్వం అనే మాట మన విద్యార్థులకు బాల్యం నుంచీ కంఠస్థమే. పల్నాటి బ్రహ్మనాయుడి చాపకూడు గురించి రాయమంటే పుట నిండా రాయగలరు, మార్కులూ వస్తాయి. అయితే వేరొక భాష మాట్లాడేవాడితో, వేరొక మతాన్ని ఆచరించేవాడితో, ఊరి చివరి వాడ నుంచి వచ్చినవాడితో పది రోజులు ఒకే కప్పు కింద గడపమంటే ఎందరు సిద్ధపడతారు? ఆ సంసిద్ధతను యువతలో కలిగించడమే జీవితకాలపు వృత్తిగా స్వీకరించిన వ్యక్తి ఎస్.ఎన్. సుబ్బారావు. యువతరం ఆయనను ‘భాయీజీ’ అని ఆత్మీయంగా పిలుచుకుంది.

1929లో బెంగళూరులో జన్మించిన సుబ్బారావు 13 ఏళ్ల ప్రాయంలోనే క్విట్ ఇండియా ఉద్యమంలో అరెస్టయ్యారు. గాంధీజీ శతజయంతి సందర్భంగా 1969లో దేశంలో సంచరించిన ప్రదర్శన రైలు బాధ్యతలు వహించారు. అనంతరం చంబల్ ప్రాంతంలోని జౌరాలో ఆశ్రమం నెలకొల్పారు. 1972లో జయప్రకాశ్ నారాయణ్ సమక్షంలో బందిపోట్లు ఆయుధాలు విడిచింది అక్కడే. లోకం ఆయనను ఆ ఘట్టంతోనే ఎక్కువగా గుర్తుంచుకుంది. నా దృష్టిలో మాత్రం అంతకన్న విలువైనవి, ‘నేషనల్ యూత్ ప్రాజెక్ట్’ పేరిట ఆయన దశాబ్దాలపాటు నడిపిన యువజన శిబిరాలు.

వాటి పద్ధతి ఎంతో సరళం. వివిధ రాష్ట్రాల యువతీయువకులు ఒకచోట చేరతారు. కలిసి శ్రమదానం చేస్తారు. పార పట్టినవాడికి తట్ట అందుకునేవాడి భాష రాకపోయినా పని ఆగదు. ఒకరి భాషను మరొకరు నేర్చుకుంటారు. సర్వధర్మ ప్రార్థనలో పాల్గొంటారు. ‘భారత్ కీ సంతాన్’ అనే గేయ ప్రదర్శనలో తెలుగుతో సహా 18 భారతీయ భాషలు వినిపించేవి. ఖాదీ చొక్కా, ఖాకీ నిక్కరు ధరించి, వృద్ధాప్యంలోనూ ఆయనే ముందు నిలిచి పాడించేవారు. 1992 డిసెంబరు తరువాత దేశం మతకలహాలతో గాయపడినప్పుడు, 1993లో యువకులను వెంటబెట్టుకొని సద్భావనా రైలు యాత్ర సాగించారు. 2021 అక్టోబరులో కన్నుమూసే వరకు ఆయన ఉపన్యాసాన్ని కాక, కలిసి మెలగడాన్నే నమ్ముకున్నారు.

ఆ నమ్మకంలోని బలం నాకు మా కళాశాల జాతీయ సేవాపథకం శిబిరంలో అవగతమైంది. అది ఏడు రోజుల శిబిరం. తొలిరోజు పనుల పంపకాన్ని విద్యార్థుల ఇష్టానికే విడిచిపెట్టడం మా ఆనవాయితీ. ఒక వసతిగృహం నుంచి వచ్చిన పిల్లలు ఎవరూ అడగకముందే గుంతలు తవ్వడానికి, గిన్నెలు తోమడానికి పేర్లిచ్చారు. వడ్డనకు వారిలో ఒక్కరూ ముందుకు రాలేదు. కారణం ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన అవసరమూ లేదు.

మర్నాటి నుంచి చీటీలు వేశాం. మూడోనాడు వడ్డన చీటీ ఆ పిల్లలలో ఒకరికి వచ్చింది. అన్నం గరిటె పట్టిన అతని చేయి సన్నగా వణకడం గమనించాను. పంక్తిలోంచి ఒక విద్యార్థి కడుపునొప్పి అంటూ లేచి వెళ్లిపోయాడు. ఆ పూట భోజనం మౌనంగా ముగిసింది. నేను ఎవరినీ మందలించలేదు. చీటీల పద్ధతిని మాత్రం మార్చలేదు.

ఐదోనాడు చీటీలు ఆ ఇద్దరినే సాంబారు గంగాళం దగ్గరకు చేర్చాయి. గంగాళాన్ని చెరొక వైపు పట్టి మోయాలి, బరువుతోపాటు వేడి. “జాగ్రత్త, గడప ఉంది” అన్నాడు కడుపునొప్పి అబ్బాయి. అంతకుమించి వారిమధ్య మాటలు వినబడలేదు. రెండో బంతిలో ఇద్దరూ ఒకే వరుసలో కూర్చున్నారు. మధ్యలో ఒక విస్తరి ఖాళీగా ఉంది.