ఇంటిల్లిపాదీ వినదగిన పుస్తకం

పిల్లలకు చదివి వినిపించడానికి మంచి పుస్తకాల జాబితా రాసి ఇమ్మని మా స్త్రీల సమాజంలో సహోదరీలు తరచు అడుగుతుంటారు. జాబితా రాయడం తేలికే. కాని ఆ కాగితం తీసుకెళ్లిన తల్లి ఇంట్లో సాయంకాలం చాప మీద ఎవరెవరు కూర్చుంటారో నాకు తెలియదు కదా! అది తెలియకుండా ఫలానా పుస్తకం మంచిదని చెప్పడం, నాడి పట్టి చూడకుండా మందు చీటీ రాయడం లాంటిదని నా అభిప్రాయం. అందుకే జాబితాకు బదులు మా ఇంటి సంగతులు కొన్ని రాస్తున్నాను.

మేముండేది ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరులో. నా పుట్టిల్లు కరీంనగర్. మా అత్తమ్మది జగిత్యాల దగ్గరి పల్లె. నాట్లు వేసి, కలుపు తీసి, నలుగురు పిల్లలను చదివించిన మనిషి ఆమె. ఆమెకు అక్షరం రాదు. కీర్తనలు మాత్రం పుస్తకం చూడకుండా ఎన్ని అడిగితే అన్ని పాడుతుంది. మా పెద్దపిల్ల, చిన్నవాడు, వారితోపాటు పక్కింటి గోండు పాప. ఆశ్రమ పాఠశాల మూసేసినందువల్ల ఆ పాప హాస్టల్ నుండి ఇంటికి వచ్చేసింది. ఇదీ మా చాప.

2020 మార్చిలో బడులు మూతపడ్డాక మా ఇల్లే బడి అయింది. ఆ సెప్టెంబరులో టీవీ పాఠాలు మొదలయ్యాయి గాని, మా దగ్గర కరెంటు ఉంటే సిగ్నల్ ఉండదు, సిగ్నల్ ఉంటే కరెంటు ఉండదు. పగలు లెక్కలు, సాయంత్రం కుటుంబ ప్రార్థన, ప్రార్థన తరువాత అరగంట చదువు. ఈ అరగంట మా ఆడపడుచు సలహా. ఆమె అమెరికాలో డల్లస్‌లో ఉంటుంది, పిల్లలను ఇంట్లోనే ఉంచి చదివిస్తుంది. ఆ దేశంలో 1993 నాటికే అన్ని రాష్ట్రాల్లోనూ ఇంటి చదువుకు చట్టం ఒప్పుకుంది. అలా చదివించేవారిలో విశ్వాసుల కుటుంబాలు చాలా ఉన్నాయి. మన దగ్గర అటువంటివారు అరుదు. పిల్లలను తిరిగి బడికి పంపే ఉద్దేశంతోనే మేమూ ఇంట్లో చెప్పుకున్నాం. అయినా ఆమె మాట నాకు నచ్చింది. “వదినా, పాఠం ఎవరైనా చెప్తరు. తల్లి గొంతుతోని కథ వినుడు మాత్రం ఇంట్లోనే దొరుకుతది” అని, అంతకు ముందు సంవత్సరం ఇక్కడికి వచ్చినప్పుడు ఒక పెట్టెడు పుస్తకాలు ఇచ్చి వెళ్లింది. అక్కడి విశ్వాసులు ఏండ్ల తరబడి తమ పిల్లలకు చదివి వినిపించేవట.

పెట్టెలో అందరికంటే పిల్లలకు నచ్చింది లారా ఇంగల్స్ వైల్డర్ అనే ఆమె తన చిన్నతనం గురించి రాసిన కథల పుస్తకం. 1935లో అచ్చయింది. ఒక తండ్రి, తల్లి, ఆడపిల్లలు బండి కట్టుకుని కాన్సాస్ గడ్డినేలకు పోయి, అక్కడ చెట్లు కొట్టి ఇల్లు కట్టుకుంటారు. తండ్రి రాత్రిళ్లు ఫిడేలు వాయిస్తాడు. నేను ఇంగ్లీషులో చూస్తూ మా మాటల్లో చెప్పేదాన్ని. ఇంటిల్లిపాదికీ చలి జ్వరం పట్టుకునే అధ్యాయం వచ్చేసరికి వానాకాలం. ఆ చుట్టుపక్కల జ్వరానికి కారణం పుచ్చకాయలు తినడమేనని ఒక పొరుగామె నమ్ముతుంది. మా చిన్నవాడు ఎగిరి గంతేసి “పుచ్చకాయ కాదు, దోమ! మలేరియా!” అన్నాడు. ఏజెన్సీ పిల్లలకు అది ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ జ్వరంలో వారిని ఆదుకున్న వైద్యుడు నల్లజాతి మనిషి. అత్తమ్మ ఆయన పేరు రెండుసార్లు అడిగి తెలుసుకుంది.

నేను ఏ పుస్తకమైనా ముందురోజు రాత్రే చదివి పెట్టుకుంటాను. ఆ పుస్తకంలో తరువాత ఏమి రాబోతుందో కూడా చూసుకున్నాను. వారు ఇల్లు కట్టుకున్న నేల ఒసేజ్ అనే ఆదివాసులది. 1935 ప్రతిలో ఆ ప్రాంతంలో మనుషులే లేరు, ఇండియన్లు మాత్రమే ఉండేవారు అనే అర్థం వచ్చే వాక్యం ఒకటి ఉండేదట. ఒక పాఠకురాలు బాధపడి ఉత్తరం రాస్తే, 1953 ముద్రణలో ‘మనుషులు’ అన్న మాట తీసి ‘వలసవచ్చినవారు’ అనే అర్థం గల మాట పెట్టారు. మాట మారింది గాని పుస్తకంలో కొందరు పాత్రల నోట ఆదివాసుల మీద వచ్చే కఠినమైన మాటలు అలాగే ఉన్నాయి. 2018లో అమెరికాలోని బాలల గ్రంథాలయాల సంఘం ఈ రచయిత్రి పేరున ఇస్తున్న పురస్కారానికి పేరే మార్చేసింది. మా ఆడపడుచు గుంపులో కొందరు ఆ పుస్తకం మానేశారట, కొందరు ఆ అధ్యాయాలు దాటవేసి చదువుతారట.

నాకు రెండూ సరిపడలేదు. మానేస్తే పిల్లలు ఫిడేలునూ, ఆ తండ్రినీ, ఆ వైద్యుడినీ పోగొట్టుకుంటారు. దాటవేస్తే కథ అబద్ధమవుతుంది. పైగా చాప మీద ఎవరున్నారో చూడండి. గోండు పాప తాతగారిది జైనూరు వైపు ఊరు. అడవి కొట్టి చేసుకున్న భూమి చేతులు మారిపోవడం ఆ ఇంట్లో పుస్తకంలోని సంగతి కాదు.

ఆ సాయంత్రం నేను ఏమీ దాచకుండా చదివాను. తెల్లవాళ్లు వస్తే ఇండియన్లు పడమటికి పోవలసిందేనని తండ్రి కూతురికి చెప్పే చోటు వచ్చింది. గోండు పాప వెంటనే, “మరి ఆళ్లు యేడికి పోవాలె ఆంటీ?” అంది. విచిత్రమేమంటే పుస్తకంలో ఆ చిన్నపిల్ల లారా కూడా సరిగ్గా ఇటువంటి ప్రశ్నే వేస్తుంది. తండ్రి ఇక ప్రశ్నలు చాలు, నిద్రపొమ్మంటాడు. ఆ మాట చదివి నేను పుస్తకం ఒళ్లో పెట్టుకున్నాను. మా చాప మీద ఎవరికీ నిద్ర రాలేదు.

అప్పుడు తెలిసినంత చెప్పాను. 1870లో అమెరికా ప్రభుత్వం ఒసేజ్‌లను కాన్సాస్ నుండి దక్షిణానికి, ఇప్పటి ఓక్లహోమాకు పంపివేసిందని చెప్పాను. ఇక్కడి సంగతి పాపకే ఎక్కువ తెలుసు. జోడేఘాట్‌లో కొమురం భీము 1940లో నిజాం పోలీసుల కాల్పుల్లో చనిపోయిన సంగతి తాత చెప్పినట్టే చెప్పింది. ఆ తరువాత హైమన్‌డార్ఫ్ దొర వచ్చి మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉండడం, గోండు పంతుళ్లకు శిక్షణ మొదలుపెట్టి గోండీలో వాచకాలు తయారు చేయించడం నేను చెప్పాను. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1970లో వచ్చిన చట్టం గురించి మా వారు రెండు మాటలన్నారు. అత్తమ్మ అంతా విని, “భూమున్నోళ్లకన్న పోతదని రంది. మనకు గెట్టు సుత లేకపాయె” అంది. ఆ రాత్రి చిన్నవాడు ప్రార్థనలో, గుర్రాల మీద వెళ్లిపోయినవాళ్లకు ఇల్లు దొరకాలని ప్రభువును అడిగాడు. నూట యాభై సంవత్సరాలు ఆలస్యమైన ప్రార్థన. మేము ఎవరమూ వాడిని సరిదిద్దలేదు.

నా దృష్టిలో అది పరిశుద్ధమైన సాయంత్రమే. కాని ఆ పుస్తకం మీద యేసు ప్రభువు బొమ్మ లేదు. బొమ్మ ఉన్న పుస్తకాలన్నీ చాప మీద చదవదగినవి కావు కూడా. మాకు ఎవరో ఇచ్చిన ఒక చిన్న కథల పుస్తకంలో ప్రార్థన చేసే పిల్లవాడికి బహుమానం వస్తుంది, చేయని పిల్లవాడిని పాము కరుస్తుంది. అటువంటి పుస్తకం నేను చదవను. మా పక్కన కూర్చున్న పాప ఇంట్లో ప్రార్థన వేరు. పాములు మాత్రం ఉట్నూరులో అందరి గడపా తొక్కుతాయి. మరొక పాత పుస్తకంలో దొరసాని రాకముందు ఈ దేశపు స్త్రీలు జంతువుల వలె బ్రతికారన్నట్టు రాశారు. మా చుట్టపు పిల్ల ఒకతి అది బిగ్గరగా చదువుతుంటే అత్తమ్మ, “మా అవ్వ ముచ్చటేనా అది?” అని అడిగింది. తనకు ప్రార్థన నేర్పింది, దోసెడు గింజలు సంఘానికి పక్కన పెట్టడం నేర్పింది ఆ అవ్వే. కరీంనగర్ మిషను ఆస్పత్రి ఎందరి ప్రాణాలు నిలిపిందో అత్తమ్మకూ తెలుసు, కృతజ్ఞత ఉంది. కృతజ్ఞత కోసం అవ్వను జంతువు అననక్కరలేదు.

అత్తమ్మ వినే తీరు వేరని చెప్పాలి. రూతు గ్రంథం చదివిన రోజు ‘పరిగె’ అన్న మాట వినగానే ఆమె లేచి కూర్చుంది. కోత అయ్యాక పొలంలో మిగిలిన వెన్నులు ఏరుకోవడం పిల్లలకు ఎట్లా తెలుస్తుంది? ఎవరి పొలంలో ఏరనిచ్చేవారో, ఎవరు తరిమేవారో, ఒంటరి ఆడమనిషి ఎంత జాగ్రత్తగా ఉండాలో, కావాలనే నాలుగు వెన్నులు జారవిడిచే ఆసామి ఎక్కడో ఒకడు ఉండేవాడనీ ఆమె చెప్పుకుంటూ పోయింది. బోయజు పనివారికి ఇచ్చిన ఆజ్ఞ ఎంత పెద్దదో నాకు ఏ ప్రసంగంలోనూ అంతగా అర్థం కాలేదు. నాలుగు అధ్యాయాల పుస్తకం మాకు పది రోజులు పట్టింది.

‘యాత్రికుని ప్రయాణము’ మీలో చాలామంది ఇళ్లలో ఉండే ఉంటుంది. గిన్నెలకు మాట్లు వేసే జాన్ బన్యన్, అనుమతి లేకుండా వాక్యం ప్రకటించినందుకు పన్నెండేండ్లు జైలులో ఉన్నాడు. ఆ పుస్తకం 1678లో అచ్చయింది. మా దగ్గరున్న పాత తెలుగు ప్రతి భాష పిల్లలకు గొంతు దిగదు. వాక్యం చదివి, వెంటనే మన తెలంగాణ మాటలో తిప్పి చెప్పాలి. మూట సిలువ దగ్గర జారిపోయే చోట మాత్రం ఏమీ తిప్పనక్కరలేకపోయింది. మాయాపు సంత వచ్చినప్పుడు చిన్నవాడు “కేస్లాపూర్ జాతర లెక్కనా?” అన్నాడు. నాగోబా ఎదుట ఏటేటా తన వంశమంతా కూడుకునే పాప పక్కనే ఉంది. “కాదు, టీవీలో ప్రకటనల లెక్క” అన్నాను. నిజానికి బన్యన్ చెప్పింది అదే. అన్నీ అమ్మకానికే ఉన్న చోటు. 1684లో వచ్చిన రెండవ భాగంలో యాత్రికుని భార్య, పిల్లలు బయలుదేరుతారు. ఇంట్లో చదవడానికి నాకు అదే ఇంకా ఇష్టం.

సంఘంలో ఒక పెద్దయ్యకు మా చదువు మీద అభ్యంతరం వచ్చింది. మేము జాషువ గారి ‘గబ్బిలం’ చదువుతున్నామని ఆయన విన్నారు. “ప్రార్థన అయినంక శివునికి సందేశమా అమ్మా?” అన్నారు. మాట న్యాయమైనదే, ఆయన ప్రేమతోనే అడిగారు. 1941లో వచ్చిన ఆ కావ్యంలో అంటరానివాడు తన బాధను గబ్బిలంతో కాశీలోని శివునికి చెప్పి పంపుతాడు. గుడిలోకి తనను రానివ్వరు, గబ్బిలాన్ని ఎవరూ ఆపరు. ఆ జాషువ గారే ‘క్రీస్తు చరిత్ర’ కూడా రాశారు, దానికి 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. మూగ సినిమాల కాలంలో రాజమండ్రిలో తెర పక్కన నిలబడి జనానికి కథ చదివి వినిపించే ఉద్యోగం చేసిన మనిషి కూడా ఆయనే. పెద్దయ్యను ఒక సాయంత్రం వచ్చి వినమన్నాను. వచ్చారు. పద్యానికి అర్థం నేను తడుముకుంటుంటే ఆయనే అందుకున్నారు. వెళ్లేటప్పుడు అభ్యంతరం వెనక్కి తీసుకోలేదు. పుస్తకం మాత్రం తీసుకెళ్లారు, నాలుగు నెలలకు తిరిగి ఇచ్చారు.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయని అడుగుతారు. హైదరాబాదు వెళ్లినవారెవరైనా ఆదివారం ఆరాధన అయ్యాక అబిడ్స్ పేవ్‌మెంట్ మీద చూడవచ్చు. సికింద్రాబాదు ‘మంచి పుస్తకం’ వారి పిల్లల పుస్తకాలు వెల తక్కువ, అచ్చు పెద్దది. ఒకప్పుడు మాస్కో నుండి వచ్చిన తెలుగు పుస్తకాలు మీ అటక మీద ఉంటే పారవేయకండి. నాస్తిక ప్రభుత్వం అచ్చు వేసిందే అయినా, టాల్‌స్టాయ్ చెప్పులు కుట్టే మార్టిన్ కథ ఏ సంపుటంలో దొరికినా తీసిపెట్టుకోండి. ప్రభువు వస్తాడని ఎదురుచూసిన మార్టిన్ ఇంటికి ఆ రోజు ఎవరెవరు వచ్చారో విని మా చిన్నవాడు వారం రోజులు తలుపు దగ్గరే కూర్చున్నాడు.

2021లో బడులు తెరిచారు. పాప హాస్టల్‌కు వెళ్లిపోయింది, సెలవులకు వస్తుంది. అరగంట మాత్రం మానలేదు, ఇప్పుడు నాకంటే మా పెద్దపిల్లే ఎక్కువ చదువుతుంది. అత్తమ్మకు చూపు తగ్గింది. పిల్ల ప్రస్తుతం ‘హైడీ’ అనే స్విట్జర్లాండ్ కథ చదువుతోంది. 1880లో యొహానా స్పైరి రాసినది. అందులో కొండ మీది పిల్ల పట్నం పోయి చదవడం నేర్చుకుని, తిరిగి వచ్చి గుడ్డి అవ్వకు కీర్తనలు చదివి వినిపిస్తుంది. ఆ చోటు వచ్చినప్పుడు అత్తమ్మ, “గా ముసలామెకు పాటలు నోటికి రావా?” అని అడిగింది. రావని చెబితే చాలా జాలిపడింది. మా దగ్గర ఇంగ్లీషు ప్రతి ఒక్కటే ఉంది. పాప సెలవులకు వచ్చినప్పుడు తనే చదువుతానంటోంది, తెలుగుది కావాలట. మీలో ఎవరి దగ్గరైనా ఉంటే పత్రిక కార్యాలయానికి తెలియజేయండి. జాగ్రత్తగా చదివి, అట్ట వేసి తిరిగి పంపుతాము.